అణుబంధం నుంచి పసిబిడ్డ దాకా: మలేరియాపై మూడు శాస్త్రాలు

చదువు సౌకర్యం కోసం విజ్ఞానశాస్త్రాన్ని మనం ముక్కలు చేసుకున్నాం. రసాయనశాస్త్రం ఒక గంట, భౌతికశాస్త్రం ఒక గంట, జంతుశాస్త్రం మరొక గంట. బెల్లు కొట్టగానే ఒక నోటుబుక్కు మూసి ఇంకొకటి తెరుస్తాం. ప్రకృతికి ఈ టైంటేబుల్ తెలియదు. రోగానికి అసలే తెలియదు. మలేరియా అనే ఒక్క జబ్బును తీసుకుని, మూడు వేరువేరు చోట్ల జరిగిన పరిశోధన ఒకే పసిబిడ్డ మంచం దగ్గరకు ఎలా చేరిందో, నాకు అర్థమైనంత మేరకు ఈ వ్యాసంలో చెప్పదలిచాను.

ముందుగా జబ్బు తీవ్రత చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ప్రపంచంలో సుమారు 26 కోట్ల 30 లక్షల మందికి మలేరియా వచ్చింది. 5 లక్షల 97 వేల మంది చనిపోయారు. ఈ మరణాల్లో 95 శాతం ఆఫ్రికాలోనే. అక్కడ చనిపోయిన ప్రతి నలుగురిలో ముగ్గురు ఐదేళ్ళలోపు పిల్లలే. మన రాష్ట్రాల్లో ఈ జ్వరం చాలా తగ్గినా, ఏజెన్సీ ప్రాంతాల్లో వానలు పడ్డాక దాని భయం ఇంకా ఉంది.

సికింద్రాబాదులో కనిపించిన నల్లని రేణువులు

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులోని బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక అనాఫిలిస్ దోమను కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. మలేరియా రోగి అయిన హుసేన్ ఖాన్‌ను కుట్టిన దోమ అది. కుట్టించుకున్నందుకు ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ఇచ్చారట! దోమ జీర్ణాశయం గోడలో రాస్‌కు గుండ్రని కణాలు, వాటిలో నల్లని రేణువులు కనిపించాయి. మలేరియా రోగి రక్తంలో కనబడే రేణువులే అవి. దోమకూ చలిజ్వరానికీ సంబంధం అలా బయటపడింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ నల్లని రేణువులు ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబు రసాయనశాస్త్రంలో ఉంది. మలేరియా పరాన్నజీవి మన ఎర్ర రక్తకణంలో దూరి హీమోగ్లోబిన్‌ను తింటుంది. తినగా మిగిలిన, ఇనుము గల 'హీమ్' దానికే విషం. అందుకని హీమ్‌ను పేర్చి స్ఫటికాలుగా మార్చి పక్కన పెట్టుకుంటుంది. రాస్ చూసిన నలుపు ఈ స్ఫటికాలదే. క్లోరోక్విన్ వంటి మందులు ఈ స్ఫటికాలు తయారు కాకుండా అడ్డుకుంటాయి. అప్పుడు పరాన్నజీవి తన ఎంగిలి విషానికి తానే చస్తుంది.

తెగిపోవడమే గుణమైన బంధం

క్లోరోక్విన్‌కు పరాన్నజీవి అలవాటు పడిపోయాక కొత్త మందు అవసరమైంది. 1967లో చైనాలో '523 పథకం' పేరుతో రహస్యంగా పరిశోధన మొదలైంది. అందులో తూ యూయూ అనే శాస్త్రవేత్త పాత వైద్యగ్రంథాలు తిరగేసింది. సుమారు 1600 ఏళ్ళ కిందట గె హోంగ్ రాసిన గ్రంథంలో, ఒక మాచిపత్రి జాతి మొక్కను నీళ్ళలో నానబెట్టి పిండి ఆ రసం తాగమని ఉంది. కాచమని లేదు! వేడి చేస్తే గుణం పోతుందేమోనని ఆమె ఆలోచించి, 35 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగే ఈథర్‌తో సారం తీసింది. 1971లో ఆ సారం ఎలుకల్లోనూ కోతుల్లోనూ మలేరియాను పూర్తిగా పోగొట్టింది. మరుసటి ఏడు శుద్ధమైన పదార్థం దొరికింది. అదే ఆర్టెమిసినిన్. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది.

ఈ అణువు ఫార్ములా సి15 హెచ్22 ఓ5. దాని ప్రాణమంతా ఒక్క బంధంలో ఉంది: రెండు ఆక్సిజన్ పరమాణువుల మధ్య ఉన్న పెరాక్సైడ్ బంధం. మనం పట్టికల్లో బట్టీపట్టే బంధశక్తి విలువలు ఒకసారి గుర్తుచేసుకోండి. కార్బన్–కార్బన్ ఏకబంధానికి మోలుకు సుమారు 347 కిలోజౌళ్ళు. ఆక్సిజన్–ఆక్సిజన్ ఏకబంధానికి సుమారు 146 మాత్రమే. పక్కపక్కన ఉన్న ఆక్సిజన్ల ఒంటరి ఎలక్ట్రాన్ జంటలు ఒకదాన్నొకటి నెట్టుకోవడమే ఈ బలహీనతకు ముఖ్య కారణం. హీమ్‌లోని ఇనుము తగలగానే ఆ బంధం పుటుక్కున తెగుతుంది. అప్పుడు పుట్టే ఫ్రీ రాడికల్స్ పరాన్నజీవి ప్రోటీన్లను పట్టుకుని పాడుచేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న రక్తకణంలో హీమ్ హీమోగ్లోబిన్‌లోనే భద్రంగా ఉంటుంది. పరాన్నజీవి ఉన్న కణంలో అది విడిపోయి ఉంటుంది. కాబట్టి దెబ్బ ముఖ్యంగా శత్రువుకే తగులుతుంది. ఆ రెండు ఆక్సిజన్లలో ఒకదాన్ని తీసేసిన అణువుకు మలేరియాను తగ్గించే శక్తి పోతుంది.

మాది వ్యవసాయ కుటుంబం. "ఒరే, ఆ బంధాలూ గింధాలూ చదివితే మనిషికేం ఒరుగుతుందిరా?" అని మా నాయన అప్పుడప్పుడూ అడుగుతుంటాడు. అందులో వెటకారమేమీ లేదు. పెట్టుబడి పెట్టినవాడు పంట సంగతి అడగడం న్యాయమే. పైన చెప్పిన 146 అనే అంకె ఆయనకు నేనిచ్చే మొదటి జవాబు.

చూరు సందు

మందు జబ్బు వచ్చాక. దోమ ఇంట్లోకే రాకపోతే? ఇక్కడ ఇంటి నిర్మాణం రంగంలోకి వస్తుంది. పశ్చిమ ఆఫ్రికాలో గాంబియా అనే చిన్న దేశం ఉంది. మన రాయలసీమలో లాగానే అక్కడి రైతుల ముఖ్యమైన పంట వేరుశనగ. ఇళ్ళు మట్టిగోడలు, గడ్డికప్పు. అక్కడి అనాఫిలిస్ దోమ గోడకు తగిలి, పైకి ఎగిరి, గోడకూ చూరుకూ మధ్య సందులోంచి లోపలికి వస్తుంది. 2009లో ప్రచురితమైన ఒక పరిశోధనలో తలుపులకు, కిటికీలకు జాలీ కొట్టి, చూరు సందులు మూశారు. మామూలు ఇళ్ళలో రాత్రికి సగటున 37.5 దోమలు పట్టుబడితే, ఈ ఇళ్ళలో 15.2 పట్టుబడ్డాయి. పిల్లల్లో రక్తహీనత సుమారు 30 శాతం నుంచి 19 శాతానికి తగ్గింది.

అయితే ఇంకో చిక్కుంది. పల్లెల్లో గడ్డికప్పు పోయి రేకులు వస్తున్నాయి. రేకుల కింద చూరు సందు కూడా మూసేస్తే రాత్రి ఉక్కపోత. మా పొలంలో రేకుల మోటారు కొట్టం ఉంది, పక్కనే తాటాకు పశువుల పాక ఉంది. మధ్యాహ్నం ఎందులో నిలబడగలమో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఉక్కపోస్తే జనం దోమతెర తీసేస్తారు, లేదా మంచం ఆరుబయట వేస్తారు. అంటే దోమను ఆపే గోడే మనిషిని దోమ దగ్గరకు పంపుతుందన్నమాట.

ఇలాంటి చిక్కు విప్పడానికే భవన అనుకరణ పనికొస్తుంది. ఇల్లు కట్టకముందే కంప్యూటరులో ఇంటిని కడతారు. కప్పు నుంచి వచ్చే వేడి ఎంత, గోడలు దాచుకునేది ఎంత, గాలి మోసుకుపోయేది ఎంత అని గంటగంటకూ జమాఖర్చు రాస్తారు. మన ఉష్ణవహన సూత్రాలే ఇవి. నిద్రపోయే మనిషి వదిలే కార్బన్ డై ఆక్సైడును కూడా ఈ లెక్కలోకి తేవచ్చు. ఆ వాయువు జాడ పట్టుకునే దోమ వస్తుంది కనుక, గాలి బాగా ఆడే, జాలీ ఉన్న ఇల్లు రెండు విధాల మేలు.

కానీ లెక్క కుదిరినంత మాత్రాన పని పూర్తి కాదు. గాంబియాలోనే 800 ఇళ్ళలో, దోమతెరలు అందరికీ ఇచ్చి, కొన్నింటిని రేకుల కప్పు, మూసిన చూరు, జాలీ తలుపులతో బాగుచేసి రెండు వానాకాలాలు చూశారు. పిల్లల్లో మలేరియా తగ్గలేదని 2021లో ప్రకటించారు. అనుకున్నది జరగలేదని దాచకుండా చెప్పడం నాకు చాలా నచ్చింది. పని అక్కడితో ఆగలేదు. ప్రయోగశాల గుడిసెలను నేల నుంచి 3 మీటర్లు ఎత్తితే దోమలు 84 శాతం తగ్గాయని 2021లో తేలింది. జొన్నచేలో మంచె ఎక్కినవాళ్ళకు ఆ ఎత్తు ఎంతో తెలుసు!

వానాకాలపు నాలుగు నెలలు

మూడవది ప్రజారోగ్యం. సహారా ఎడారికి దిగువన ఉన్న సహేల్ ప్రాంతంలో మలేరియా ఎక్కువగా వానాకాలంలోనే వస్తుంది. అందుచేత జ్వరం రాకముందే మూడు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు నెలకొకసారి, నాలుగు నెలలపాటు మందు ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో సిఫారసు చేసింది. మందు సల్ఫాడాక్సిన్–పైరిమెథమిన్, దానితో అమోడయాక్విన్. మొదటి రోజు ఆరోగ్య కార్యకర్త దగ్గరుండి వేస్తాడు. తర్వాతి రెండు రోజుల అమోడయాక్విన్ మాత్రలు సాధారణంగా తల్లే వేయాలి. పరీక్షల్లో మలేరియా జ్వరాలు సుమారు నాలుగింట మూడు వంతులు తగ్గాయి. 2023లో ఐదు కోట్లకు పైగా పిల్లలకు ఇది అందింది.

ఇక్కడా మళ్ళీ అణువుల ఆకారమే. పరాన్నజీవికి కావలసిన ఒక ఆమ్లాన్ని పోలిన వేషంలో సల్ఫాడాక్సిన్ వచ్చి, ఎంజైములో ఆ ఆమ్లం కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది. బంధాల పాఠం తల్లి చేతి మాత్రలో ఉంది. ఇప్పుడు టీకాలు కూడా వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటిదాన్ని 2021లో, రెండవదాన్ని 2023లో సిఫారసు చేసింది. రెండవదాన్ని మన పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తోంది.

మనకు పాఠం

బంధశక్తి తెలిసినవాడికి చూరు సందు తెలియకపోవచ్చు. ఇల్లు కట్టేవాడికి మందు మోతాదు తెలియకపోవచ్చు. మాత్ర మూడో రోజు ఎందుకు మానకూడదో తల్లికి అర్థమయ్యేలా ఎవరూ చెప్పకపోతే, ఆ ఇద్దరి శ్రమా వృథా. పరిశోధన గొప్పదా కాదా అని తూచే త్రాసు ప్రయోగశాలలో ఉండదు. వానాకాలం చివర ఆ బిడ్డ లేచి ఆడుకుంటోందా లేదా అన్నదే త్రాసు. కనుక సోదర విద్యార్థులారా, మన గ్రూపు కాని క్లాసు జరుగుతున్నప్పుడు వీలైతే ఒకసారి తలుపు దగ్గర నిలబడి వినండి. మన లెక్కలో తప్పిపోయిన అంకె అక్కడి నల్లబల్ల మీద రాసి ఉండవచ్చు.