కంటికి కనబడని గుర్తులు: చేయవలసినవి – చేయకూడనివి

ఫోన్‌తో తీసిన ఫోటోలో బొమ్మ ఒక్కటే ఉండదు. తేదీ, సమయం, ఫోన్ మోడల్, లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు కూడా ఉంటాయి. మందు డబ్బా మీది క్యూఆర్ కోడ్‌లో బ్యాచ్ నంబరు ఉంటుంది. కొత్త నగ లోపలివైపు సూది మొనంత అక్షరాల్లో హాల్‌మార్క్ గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీ ఉంటుంది. థియేటర్‌లో ఆడే సినిమాలో ప్రేక్షకుడికి కనబడని వాటర్‌మార్క్ ఉంటుంది. వీటిలో చాలావరకు నకిలీని పట్టుకోవడానికి పెట్టినవే. వాటిని పట్టించుకోకపోయినా నష్టమే, గుడ్డిగా నమ్మినా నష్టమే. వస్తువు మీద గుర్తు ఉండటం వేరు, ఆ గుర్తు ఇచ్చినవారి లెక్కతో అది సరిపోవడం వేరు. ఈ తేడా తెలియక మోసపోతున్నవారే ఎక్కువ. ఈ సూచనలను ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

చేయవలసినవి

మందులు

• మందు కొనగానే డబ్బా మీద, అది లేకపోతే స్ట్రిప్ మీద క్యూఆర్ కోడ్ ఉందేమో చూడండి. ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్లకు 2023 ఆగస్టు 1 నుంచి ఇది తప్పనిసరి.

• కోడ్ స్కాన్ చేసి మందు పేరు, తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ, లైసెన్సు నంబరు వస్తున్నాయో లేదో చూడండి.

• స్కాన్‌లో వచ్చిన బ్యాచ్ నంబరును స్ట్రిప్ మీద అచ్చయిన నంబరుతో అక్షరం అక్షరం పోల్చండి. కోడ్ తెరుచుకున్నంత మాత్రాన సరిచూసినట్టు కాదు.

• నాలుగు మాత్రలే కొన్నా బ్యాచ్, గడువు ఉన్న వైపు నుంచి కత్తిరించి ఇమ్మని అడగండి. షాపువాడు విసుక్కున్నా అడగండి.

• అటువైపు ముక్క దొరక్కపోతే కత్తిరించక ముందే మొత్తం స్ట్రిప్‌ను ఫోటో తీసుకోండి.

• బ్యాచ్ నంబరు వేసిన బిల్లే తీసుకోండి. అది లేకపోతే ఫిర్యాదు నిలవదు.

• మందు రంగులోనో, రుచిలోనో, పనిచేయడంలోనో తేడా కనిపిస్తే ముందు డాక్టరుకు చెప్పండి, మిగిలిన మాత్రలను బిల్లుతో సహా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వండి.

విత్తనాలు

• సంచి మీది క్యూఆర్ కోడ్‌ను కొట్లోనే, డబ్బు కట్టక ముందే స్కాన్ చేయండి; విత్తనం ఎక్కడ పుట్టి ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలియాలని కేంద్రం 2023లో సాథీ విధానం తెచ్చింది.

• సంచి మీద లాట్ నంబరు, బిల్లు మీద లాట్ నంబరు ఒకటేనా చూడండి. ఒక్క అంకె తేడా ఉన్నా మార్చి రాయించండి.

• ఖాళీ సంచి, దానికి కుట్టిన ట్యాగు, బిల్లు, గుప్పెడు విత్తనం పంట చేతికొచ్చేదాకా దాచండి. పత్తి, మిరప రైతులకు ఇది మరీ ముఖ్యం. మోసం పూత, కాత దశలో గానీ బయటపడదు, అప్పటికి సంచి పొయ్యిలో కాలిపోయి ఉంటే అడగడానికి ఏమీ మిగలదు.

నగలు, నోట్లు

• నగ మీద మూడు గుర్తులూ చూపించమనండి: భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ముద్ర, 22కే916 లాంటి స్వచ్ఛత గుర్తు, అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరింటి హెచ్‌యూఐడీ.

• కంటికి ఆనకపోతే భూతద్దం అడగండి. అది ప్రతి నగల దుకాణంలోనూ ఉంటుంది.

• ఆ ఆరింటినీ మీ సొంత ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. గొలుసుకు గాజు వివరాలు వస్తే కొనడం ఆపండి.

• ఐదువందల నోటును వెలుతురుకు ఎత్తి చూడండి. గాంధీ బొమ్మ, 500 అంకె నీడలా కనబడాలి, నోటును వాల్చితే దారం రంగు ఆకుపచ్చ నుంచి నీలానికి మారాలి.

ఫోటోలు, ఆధార్ కాపీలు

• కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆఫ్ చేయండి. మీ గుమ్మం ముందు తీసిన ఒక్క ఫోటో చాలు, ఇల్లు ఎక్కడో తెలిసిపోతుంది.

• గ్యాలరీలో పాత ఫోటో ఒకటి తెరిచి వివరాలు చూడండి. కింద చిన్న మ్యాపు కనిపిస్తే మీ ఫోన్ ఇన్నాళ్లూ చోటు రాసుకుంటోందని అర్థం.

• అమ్మకానికి పెట్టే బండి, ఫ్రిజ్, సోఫా ఫోటోలకు స్క్రీన్‌షాట్ తీసి దాన్నే పెట్టండి. అందులో ఫోటో తీసిన చోటు వివరం ఉండదు.

• ప్రమాదం, దాడి లాంటి వాటికి సాక్ష్యంగా ఇచ్చే ఫోటో, వీడియో మాత్రం ఏమీ తీసేయకుండా అసలు ఫైలే ఇవ్వండి. అక్కడ తేదీ, చోటు మీకు బలం.

• ఆధార్ అడిగినచోట చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. పూర్తి నంబరు నిజంగా అవసరమైన పనులు కొన్నే.

• జిరాక్స్ ఇస్తే దాని మీదుగా తేదీ, ఎవరికి ఇచ్చారు, ఏ పనికి ఇచ్చారు అన్నవి పెన్నుతో రాయండి. రాత ఫోటో అంచును తాకుతూ పోవాలి, పక్కనున్న తెల్ల జాగాలో రాస్తే కత్తిరించేస్తారు.

• ఇల్లు అద్దెకిచ్చేవారు వచ్చినవారి ఆధార్ క్యూఆర్‌ను ఆధార్ జారీ చేసే యూఐడీఏఐ వారి యాప్‌తో స్కాన్ చేయండి. కోడ్‌లోని వివరాలకు డిజిటల్ సంతకం ఉంటుంది, కార్డు మీద ఫోటో మార్చినా లోపలిది మారదు.

• ఫోటోగ్రాఫర్లు వాటర్‌మార్క్‌ను మూలన కాక బొమ్మలో ముఖ్యమైన భాగం మీదుగా వేయండి, అసలు ఫైలును ముట్టుకోకుండా విడిగా దాచండి.

ఫోన్లు

• *#06# కొట్టి మీ ఫోన్ 15 అంకెల ఐఎంఈఐ నంబరు ఈరోజే కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఫోన్ పోయాక ఆ నంబరును వెతుక్కోవడం కష్టం.

• సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనే ముందు కేవైఎం అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు చేర్చి 14422కు ఎస్ఎంఎస్ పంపండి. మోడల్ వేరేది వస్తే తీసుకోవద్దు.

• ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదు చేసి, కేంద్ర ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో ఐఎంఈఐ బ్లాక్ చేయించండి.

ఏఐ బొమ్మలు, గొంతులు

• ఉలిక్కిపడేలా ఉన్న ఫోటో, వీడియో వస్తే మొదట ఎవరు పెట్టారో వెతకండి. గూగుల్ 2023లో తెచ్చిన సింథ్‌ఐడీ లాంటి దాగిన గుర్తులు ఎక్కడ తయారైందో చెప్పగలవు, అందులో ఉన్నది నిజమో కాదో చెప్పలేవు.

• కొడుకు గొంతుతోనో, మేనల్లుడి గొంతుతోనో డబ్బు కావాలని ఫోన్ వస్తే పెట్టేసి, మీ దగ్గరున్న వాళ్ల పాత నంబరుకు మీరే ఫోన్ చేయండి.

• డబ్బు పోతే నిమిషం ఆగకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఖాతాలో ఆపడానికి అంత వీలుంటుంది.

సినిమా పనిలో ఉన్నవారు

• ఎడిటింగ్, డబ్బింగ్, గ్రాఫిక్స్ కోసం వచ్చిన ప్రతి కాపీకీ ఎవరు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు తిరిగిచ్చారు అన్నది రాసి సంతకాలు పెట్టించండి. 2013లో ‘అత్తారింటికి దారేది’ సినిమాలో పెద్ద ముక్క విడుదలకు ముందే బయటికి పొక్కింది.

• మీ పేరున గుర్తు వేసి ఇచ్చిన కాపీని మీ దగ్గరే ఉంచండి; అది ఎక్కడ తేలినా మొదటి ప్రశ్న మీకే వస్తుంది.

చేయకూడనివి

గుర్తును చూసి తొందరపడటం

• క్యూఆర్ కోడ్ ఉంది కాబట్టి సరుకు అసలుదే అనుకోకండి. కోడ్‌ను ఫోటో తీసి వెయ్యి డబ్బాల మీద అచ్చు వేయవచ్చు.

• మెరిసే హోలోగ్రామ్ స్టిక్కరును రుజువుగా తీసుకోకండి. అలాంటి స్టిక్కర్లు చుట్టలుగా అమ్ముతారు.

• అమ్మేవారు తమ ఫోన్‌లో చూపించిన పేజీతో తృప్తి పడకండి. ఆ పేజీ కూడా నకిలీది కావచ్చు.

• స్కాన్ చేస్తే యాప్ దించుకోమనో, ఓటీపీ చెప్పమనో అడిగే కోడ్‌ను ముందుకు తీసుకెళ్లకండి. సరుకు వివరాలకు మీ ఓటీపీతో పని లేదు.

• డబ్బు వస్తుందని చెప్పి ఇచ్చిన క్యూఆర్‌ను స్కాన్ చేసి యూపీఐ పిన్ కొట్టకండి. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

• కొట్టు గోడ మీది క్యూఆర్ పైన మరో స్టిక్కరు అంటించి ఉంటే చెల్లించకండి, యజమాని పేరు అడిగి తెరమీది పేరుతో పోల్చాకే పంపండి.

• ఏఐ గుర్తు దొరకలేదు కాబట్టి అసలు ఫోటో అని తీర్పు ఇవ్వకండి. అలాంటి గుర్తు వేయని పరికరాలు ఎన్నో ఉన్నాయి.

• టీవీ చానెల్ లోగో మూలన ఉందని వీడియోను ఫార్వర్డ్ చేయకండి. లోగో అతికించడం అన్నిటికన్నా తేలిక.

• అనుమానం వచ్చిన నోటును ఇంకొకరికి అంటగట్టకండి. దొంగనోటని తెలిసీ చలామణి చేయడం నేరం, నష్టమైనా బ్యాంకులోనే ఇవ్వండి.

మీ గురించి మీరే చెప్పేయడం

• వాట్సాప్‌లో ఫోటోను డాక్యుమెంట్‌గా పంపకండి, సాక్ష్యంగా ఇచ్చేటప్పుడు తప్ప. మామూలుగా పంపితే తొలగిపోయే లొకేషన్ అలా పంపితే ఫైలుతో పాటే వెళ్తుంది.

• ఊరికి వెళ్లినప్పుడు అక్కడి నుంచే ఫోటోలు పెట్టకండి, తిరిగొచ్చాక పెట్టండి. 2012 డిసెంబరులో అజ్ఞాతంలో ఉన్న యాంటీవైరస్ కంపెనీ స్థాపకుడు జాన్ మెకాఫీ గ్వాటెమాలాలో ఉన్నట్టు ఒక పత్రిక పెట్టిన ఫోటోలోని లొకేషనే బయటపెట్టింది.

• కత్తిరించేశాం కదా అని బ్యాంకు కాగితాల స్క్రీన్‌షాట్ పంపకండి. కొన్ని గూగుల్ పిక్సెల్ ఫోన్లలో కత్తిరించిన భాగాన్ని మళ్లీ రాబట్టవచ్చని 2023లో తేలింది.

• పీడీఎఫ్‌లో అంకెల మీద నల్ల పెట్టె గీసి దాచామనుకోకండి. కింది అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే చాలు.

• పేరు రాయకుండా పంపే ఫిర్యాదును ఆఫీసు రంగుల లేజర్ ప్రింటర్ మీద తీయకండి. అలాంటి చాలా ప్రింటర్లు పేజీ నిండా పసుపు చుక్కలు వేస్తాయి. నీలి వెలుతురులో భూతద్దంతో గానీ కనబడని ఆ చుక్కల్లో మిషన్ సీరియల్ నంబరు, తేదీ, సమయం ఉన్నట్టు 2005లో జిరాక్స్ డాక్యుకలర్ ప్రింటర్ మీద పరిశోధకులు చదివి చూపించారు. అన్యాయాన్ని బయటపెట్టేవారికి ఇది ప్రాణం మీదికి తెచ్చే సంగతి.

• విమానం బోర్డింగ్ పాస్ ఫోటో పెట్టకండి. బార్‌కోడ్‌లో మీ పేరు, బుకింగ్ నంబరు ఉంటాయి.

గుర్తులను చెరపడం, దొంగిలించడం

• ఐఎంఈఐ మార్చిన ఫోన్ చవగ్గా వస్తోందని కొనకండి, మార్పించకండి; 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం ఐఎంఈఐ మార్చినందుకు 3 ఏళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా.

• ఇంకొకరి ఫోటో మీది వాటర్‌మార్క్ చెరిపి వాడకండి. చెరిపిన జాడే మీరు తెలిసి చేశారనడానికి సాక్ష్యం.

• థియేటర్‌లో తెర మీది బొమ్మను ఫోన్‌లో తీయకండి, ఒక్క పాటైనా సరే. డిజిటల్ సినిమా నిబంధనల ప్రకారం ఏ చోటు, ఏ సమయం అన్నది ప్రతి 5 నిమిషాల ముక్కలోనూ దాగి ఉంటుంది. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం కింద 3 నెలలకు తగ్గకుండా 3 ఏళ్ల వరకు జైలు, 3 లక్షలకు తగ్గని జరిమానా పడవచ్చు.

విత్తనం, నగ, మందు

• బిల్లు లేకుండా, గ్రామానికే తెచ్చి తక్కువ ధరకు ఇస్తామనే విత్తనం కొనకండి. పంట పోతే మీ చేతిలో సంచి తప్ప ఏమీ ఉండదు.

• హెచ్‌యూఐడీ లేని కొత్త నగ కొనకండి. 2 గ్రాముల లోపు నగలకు మినహాయింపు ఉంది, మిగతా వాటికి ఆ సాకు చెబితే వినకండి.

• హెచ్‌యూఐడీ లేదని అమ్మమ్మ నాటి నగలను భయపడి తక్కువకు అమ్ముకోకండి. ఈ నిబంధన దుకాణాల అమ్మకాలకే, ఇంట్లో దాచుకున్న వాటికి కాదు.

• స్కాన్‌లో వివరాలు తేడాగా వచ్చిన మందును ఒక్క మాత్రే కదా అని వేసుకోకండి. బీపీ, షుగర్, గుండె, ఫిట్స్ మందుల విషయంలో అసలే వద్దు.

• అదే సమయంలో డాక్టరుకు చెప్పకుండా ఆ మందులను ఒక్కసారిగా ఆపేయకండి. వేరే షాపులో వేరే బ్యాచ్ కొని వాడండి.

• ఖాళీ ఇంజెక్షన్ సీసాలను, మందు డబ్బాలను ఉన్నవి ఉన్నట్టుగా ఎవరికీ ఇవ్వకండి, అమ్మకండి. 2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న ముఠా ఖరీదైన క్యాన్సర్ మందుల ఖాళీ సీసాలు కొని, వాటిలో వేరే మందు నింపి రోగులకు అమ్మింది. సీసా అసలుదే, లేబులు అసలుదే. లేబులు చింపి, డబ్బాను ముక్కలు చేశాకే పారేయండి, సీసాలను ఆసుపత్రికే తిరిగివ్వండి.