పొగలోని బూడిదను పట్టే కరెంటు

పొడి జుట్టును దువ్విన దువ్వెన కాగితం ముక్కలను లాగుతుందని మనమంతా బడిలో చూసినదే. విద్యుదావేశానికి ఉన్న ఈ ఆకర్షణ శక్తితోనే థర్మల్ కేంద్రాల పొగను శుభ్రం చేస్తారు. ఆ యంత్రం పేరు ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్, క్లుప్తంగా ఇ.ఎస్.పి.

మన పాత వరంగల్ జిల్లా చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రంలో 2010లో 500, 2016లో 600 మెగావాట్ల యూనిట్లు ఉత్పత్తి మొదలుపెట్టాయి. రఘునాథపల్లిలో మనం చదువుకునే లైటు వెలుగు ఇలాంటి కేంద్రాల చలవే. కాని మన దేశపు బొగ్గులో సాధారణంగా 30 నుండి 45 శాతం బూడిదే. అందులో సుమారు ఐదింట నాలుగు వంతులు మెత్తని పొడిగా పొగతో పైకి లేస్తుంది. వదిలేస్తే చుట్టుపక్కల ఊళ్ల వారి ఊపిరితిత్తుల్లో చేరుతుంది.

పనిచేసే విధానం: చిమ్నీకి ముందు పెద్ద గదిలో ఇనుప పలకలు వరుసగా వేలాడుతుంటాయి. వాటి మధ్య సన్నని తీగలుంటాయి. తీగలకు వేల వోల్టుల రుణ విద్యుత్తు ఇస్తారు, పలకలను భూమికి కలుపుతారు. తీగ చుట్టూ ‘కరోనా’ అనే విద్యుత్ ఉత్సర్గం ఏర్పడి, వెలువడిన ఎలక్ట్రాన్లు వాయు అణువులకు అంటి అయాన్లవుతాయి. ఆ అయాన్లు బూడిద రేణువులకు అంటుకోగా, రేణువులు పలకల వైపు లాగబడి పేరుకుంటాయి. సుత్తులతో పలకలను తట్టితే బూడిద కింది తొట్లలో పడుతుంది. దానిని సిమెంటుకు, ఇటుకలకు వాడతారు.

దీనిని పరిశ్రమలకు పనికివచ్చేలా చేసి 1908లో పేటెంటు పొందినవారు అమెరికా శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కాట్రెల్. ఆయన ఆ హక్కులను సొంత లాభానికి ఉంచుకోలేదు. వాటితో 1912లో రీసెర్చ్ కార్పొరేషన్‌ను స్థాపించి, ఆదాయాన్ని పరిశోధనలకు మళ్లించారు.

ఇప్పుడొక లెక్క. 35 శాతం బూడిద గల టన్ను బొగ్గు కాలితే 350 కిలోల బూడిద వస్తుంది. అందులో 280 కిలోలు పొగతో లేస్తుంది. యంత్రం 99.9 శాతం పట్టితే బయటకు పోయేది 280 గ్రాములు. 99 శాతమే పట్టితే 2 కిలోల 800 గ్రాములు! ఒక్క శాతం కూడా లేని తేడాకు కాలుష్యం పదింతలు. ఈ పాఠం చదివిన రోజు మమ్మల్ని ఆశ్చర్యపరచింది ఇదే. అందుకే 2015 డిసెంబరులో కేంద్రం ప్రకటించిన నిబంధనలు శాతాన్ని కాక, మిగిలిన ధూళిని కొలుస్తాయి. చెల్పూరు యూనిట్ల కాలం నాటి వాటికి ఘనపు మీటరు పొగలో 50 మిల్లీగ్రాములు మించరాదు.

ఇ.ఎస్.పి. ధూళినే పడుతుంది, సల్ఫర్ డయాక్సైడ్ వంటి వాయువులను పట్టలేదు. వాటికి వేరే యంత్రాలు కావాలి.

కనుక ఎవరైనా “99 శాతం శుభ్రం” అంటే చప్పట్లు కొట్టే ముందు, మిగిలినది ఎంతో, అది ఎవరి మీద పడుతుందో లెక్కగట్టండి. సైన్సు మనకు నేర్పవలసింది అదే అని మేము నమ్ముతున్నాము.