ట్రాక్టరు ఎత్తుడు యంత్రము: దాని పని, దాని పోషణ

మన పాఠశాలలో చదువుచున్న బాలబాలికలలో సేద్యగాండ్ర బిడ్డలు పెక్కుమంది కలరు. వారి యిండ్లలో ముప్పది, నలువది యేండ్లు దాటిన ట్రాక్టర్లు నేటికిని దున్నుచున్నవి. ఇంజను మొరాయించినచో రైతు వెంటనే కనిపెట్టును. చక్రమునకు గాలి దిగినచో పసివాడైనను చెప్పగలడు. వెనుకభాగమున నాగలిని ఎత్తుచు దించుచునుండు యంత్రాంగమును గూర్చి తెలిసినవారు మాత్రము తక్కువ. అందుచేత ఈ సంచికలో దానిని గూర్చి నాలుగు మాటలు తల్లిదండ్రులకు మనవి చేయుచున్నాను. తెలుగు చదువ నలవాటులేని పెద్దలు తమ పిల్లలచేత చదివించుకొని వినగోరెదను.

ఒకనాటి సాయంకాలము ఒక విద్యార్థి యింటికి పోయియుంటిని. వాకిట ట్రాక్టరు నిలిచియున్నది. దాని వెనుక నాగలి మోకాలెత్తున గాలిలో వ్రేలాడుచున్నది. నాగలి ప్రక్కనే యిద్దరు పిల్లలు కూర్చుండి గోలీలాడుచున్నారు. ఒక గోలీ నాగలిక్రిందికి దొరలగా చిన్నవాడు దానికై చేయిచాచుచుండెను. నేను కంగారుపడి వారిని ఇవతలికి పిలిచితిని. గృహస్థు నవ్వి, “తాళంచెవి నా జేబులోనే ఉందయ్యవారూ. ఇంజను ఆపేసినాక ఇంకేం భయం?” అనెను. పిల్లలు దూరముగా నిలిచిన పిదప, “ఒక్కసారి ఆ లీవరు కిందికి దించి చూడండి” అంటిని. ఆయన దించెను. రెప్పపాటులో నాగలి నేలబడి, కర్రులు మట్టిలో దిగబడినవి. ఆయన ముఖమున నవ్వు మాయమైనది.

ఇంజను ఆగినను నాగలి యేల నిలిచియుండెను? లీవరు కదలగానే యేల పడెను? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము తెలిసినచో ఈ యంత్రము సగము తెలిసినట్లే.

1. పుట్టుక

తొలినాటి ట్రాక్టర్లకు నాగలిని ఒక కొక్కెమునకు తగిలించి యీడ్చెడివారు. నాగలి భూమిలోని రాతికో చెట్టువేరుకో తగులుకొన్నపుడు, ముందునకు సాగలేని ట్రాక్టరు తన ముందుభాగమును పైకెత్తి, వెల్లకిలబడి, నడుపువానిని క్రింద వేసికొనెడిది. అట్లు ప్రాణములు కోల్పోయినవారు కలరు.

ఐర్లండు దేశమున డౌన్ మండలములో 1884లో జన్మించిన హారీ ఫెర్గూసను, మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1917లో, ప్రభుత్వము కోరగా ట్రాక్టరు దుక్కులను పర్యవేక్షించెను. నాగలి ట్రాక్టరునకు తోకవలె వ్రేలాడక, దేహమున చేయివలె కలిసియుండవలెనని ఆయన తలపోసెను. ఆ యూహకు 1926లో పేటెంటు లభించినది. 1936లో డేవిడ్ బ్రౌన్ కర్మాగారమునందును, 1939లో అమెరికాలో హెన్రీ ఫోర్డు సహకారముతోను అట్టి ట్రాక్టర్లు వెలువడినవి. 1946 మొదలు 1956 వరకు ఇంగ్లండులోని కవెంట్రీ నగరమున టి.ఇ.20 అను ఫెర్గూసను ట్రాక్టర్లు అయిదు లక్షలకు పైగా తయారైనవి. 1953లో ఫెర్గూసను సంస్థ మాసే-హారిస్ సంస్థతో కలిసినది. ఆ మాసే ఫెర్గూసను సహకారముతోనే 1960లో నాటి మదరాసున టాఫె సంస్థ యేర్పడినది. ఈ యెత్తుడు పద్ధతి మన పొలములకు చేరిన త్రోవలలో అది యొకటి. నేడు ఇతర కంపెనీల ట్రాక్టర్ల వెనుకను మూడు లింకులే కనబడును.

2. మూడు లింకుల మర్మము

ట్రాక్టరు వెనుక క్రిందిభాగమున రెండు లింకులు, పైన నడుమ ఒక టాప్ లింకు ఉండును. క్రింది లింకులు నాగలిని లాగును. టాప్ లింకు కూడ లాగుచున్నదని పలువురు భ్రమపడుదురు. దున్నునపుడు కర్రును నేల వెనుకకు పట్టియుంచును గావున నాగలి పైభాగము ముందునకు వ్రాలజూచును. ఆ వ్రాలు టాప్ లింకుమీదుగా వచ్చి ట్రాక్టరునందలి గట్టి స్ప్రింగును నొక్కును.

ఎద్దులతో దున్నిన పెద్దలకు దీని భావము సులభముగా తెలియును. మెత్తని నేలలో దున్నువాడు మేడిని నొక్కిపట్టును. గట్టినేల వచ్చి యెద్దులు మెడలు వంచి బిగబట్టినపుడు మేడిని కొంచెము సడలించి, కర్రు పైకి తేలునట్లు చేయును. ఎద్దుల కష్టమును అతని చేయి కనిపెట్టును. ట్రాక్టరులో ఆ చేయి పని స్ప్రింగు చేయుచున్నది. నేల గట్టిపడినచో స్ప్రింగు అధికముగా నొక్కబడి, వాల్వును కదల్చి, నాగలిని కొంచెము లేపును. భారము తగ్గగానే స్ప్రింగు సడలి, నాగలి మరల లోతునకు దిగును. దీనినే డ్రాఫ్టు కంట్రోలు అందురు. అంతేగాక నాగలి బరువులోను, నేల దానిని క్రిందికి గుంజు బలములోను కొంత పెద్దచక్రములపై బడుటచేత అవి జారక నేలను పట్టుకొనును. చిన్న ట్రాక్టరు లోతుగా దున్నగలుగుటకు ఇదియే రహస్యము.

టి.ఇ.20లో ఎత్తుడునకు ఒకే లీవరు కలదు. తరువాత వచ్చిన మాసే ఫెర్గూసను 35 వంటి బండ్లలో రెండు లీవర్లుండును. దుక్కికి డ్రాఫ్టు లీవరును, పనిముట్టును నిర్ణీతమైన యెత్తున నిలుపుటకును రోడ్డుపై తీసికొనిపోవుటకును పొజిషను లీవరును వాడవలెను.

3. నూనె బలము

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కలు (1623–1662) చెప్పిన సూత్రము మన పిల్లలు బడిలో చదువుదురు. మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట ఒత్తినచో ఆ ఒత్తిడి అన్నివైపులకు సమముగా వ్యాపించును. ఉదాహరణకు చదరపు సెంటీమీటరునకు 100 కిలోల ఒత్తిడి గల నూనె 30 చదరపు సెంటీమీటర్ల పిస్టనుపై పనిచేసినచో 3,000 కిలోల త్రోపు పుట్టును. పంపు నూనెను సిలిండరులోనికి నెట్టగా పిస్టను కదలి, అడ్డుఇరుసును త్రిప్పి, రెండు చేతులను పైకెత్తును. వాల్వు మూసికొనగానే నూనె సిలిండరులో బందీయగును, నాగలి నిలుచును. వాల్వు తెరచికొన్నచో నూనె జారిపోవును, నాగలి దిగును.

మన మొదటి ప్రశ్నలకు సమాధానమిదియే. తాళంచెవి ఇంజనును మాత్రమే ఆపినది. నాగలిని నిలిపినది బందీయైన గరిటెడు నూనె. దానిని విడిపించుటకు చిన్నవాని చేయి చాలును.

4. పోషణ

ఫెర్గూసను తరహా పాత బండ్లలో గేరుపెట్టెకును ఎత్తుడు యంత్రమునకును ఒకే నూనె. గేర్లు అరిగి రాలిన ఇనుపపొడి పంపునకు చేరును గనుక, నూనె శుభ్రముగా నుండుటయే ఈ యంత్రమునకు ఆయువు.

నూనె కొలుచునపుడు బండి సమమైన నేలపై నుండవలెను. చేతులు పూర్తిగా దిగియుండవలెను. చేతులు లేచియున్నచో కొంత నూనె సిలిండరులో నుండిపోవుటచే కొలత తప్పు చూపును. కొలతకడ్డీని బయటికి తీయకముందే దాని చుట్టునున్న దుమ్మును తుడువవలెను. నూనె మార్చినపుడు జాలిని కూడ కడుగవలెను. కంపెనీ పుస్తకము చెప్పిన నూనెనే పోయవలెను. చేతికందిన రెండు రకములను కలుపరాదు.

టాప్ లింకును తగిలించు చోటును చేతితో పట్టి ముందుకు, వెనుకకు ఆడించి చూడవలెను. అది వదులుగా ఆడుచున్నచో స్ప్రింగు నేల మాటను సరిగా వినజాలదు. పిన్నులు పోయినచోట మేకు వంచి దూర్చుట మన పల్లెలలో అలవాటు. పది రూపాయల ఆ పొదుపు పనిముట్టునే నడిరోడ్డుపై జార్చివేయగలదు.

5. దోషములు, కారణములు

నాగలి లేవకున్నచో వెంటనే మెకానిక్కును పిలువనక్కరలేదు. టి.ఇ.20లో పి.టి.ఓ. లీవరు వేసినగాని పంపు తిరుగదు. మొదట దానిని చూడవలెను. తరువాత నూనె కొలత చూడవలెను. ఈ రెండును సరిగానున్నచో జాలి మూసికొనుటయో, పంపు అరుగుటయో, ఒత్తిడి వాల్వు బలహీనపడుటయో కారణము కావచ్చును.

లేచినది ఇంజను ఆపగానే దిగజారుచున్నచో, బందీయైన నూనె యెక్కడనో కారుచున్నదని అర్థము. పిస్టను రింగులు, వాల్వు, సీళ్లు పరీక్షింపవలెను. ఇంజను నడుచుచుండగా నాగలి ఊయలవలె కొంచెము దిగుచు, మరల లేచుచునుండుటకును ఇట్టి కారుడే తరచుగా కారణము. కారిన నూనెను పంపు మాటిమాటికి పూరించుచున్నదన్నమాట.

నూనె మజ్జిగవలె తెల్లబడినచో నీరు చేరినది. వానలో నిలిచిన బండ్లలో గేరు లీవరు మొదటనున్న చినిగిన రబ్బరు తొడుగునుండి నీరు దిగవచ్చును. నూనె నురుగుకట్టినచో గాలి చేరుచున్నదని గాని, నూనె తగ్గినదని గాని తెలియవలెను.

6. ప్రాణరక్షణకు అయిదు నియమములు

మొదటిది: బండి నిలిపినపుడు పనిముట్టును నేలకు దించిన పిదపనే ఇంజనును ఆపవలెను. పశువును కట్టివేయుటవంటిదే ఈ పని.

రెండవది: పైకెత్తిన పనిముట్టుక్రిందికి ఎవరును పోరాదు. కర్రు మార్చవలసివచ్చినచో గట్టి కొయ్యదిమ్మెలు పెట్టి, బరువును వాటిపై దించిన పిదప చేయిపెట్టవలెను. లేపిన ట్రాలీ తొట్టికి కూడ ఇదే నియమము.

మూడవది: చిక్కుకొన్న బండినిగాని, దుంగనుగాని లాగునపుడు గొలుసును టాప్ లింకు తగిలించు చోట కట్టరాదు. ఇరుసుకంటె ఎత్తున లాగినచో, ఫెర్గూసను నివారింపదలచిన ఆ వెల్లకిలపాటు మనమే తెచ్చుకొన్నవారమగుదుము. క్రిందనున్న డ్రాబారుకే కట్టవలెను.

నాలుగవది: ట్రాలీకి పోవు గొట్టములు కారుచున్నచో చేతితో తడవి చూడరాదు. సన్నని రంధ్రమునుండి వచ్చు నూనె చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. అట్లు జరిగినచో గాయము చిన్నదని ఉపేక్షింపక తత్‌క్షణమే ఆసుపత్రికి పోవలెను. కారు చోటును అట్టముక్కతో కనిపెట్టవలెను.

అయిదవది: పిల్లలను లీవర్లవద్ద ఆడనీయరాదు. వారిని తరిమివేయుట మాత్రము చాలదు. ఆ లీవరు ఏమి చేయునో దగ్గరనుండి ఒకమారు చూపవలెను. చూచిన బిడ్డ మరచిపోడు.

పైన చెప్పిన గృహస్థు నాటినుండి సాయంకాలము బండి నిలుపగానే నాగలిని నేలకు దించుచున్నాడు. ఆయన మరచినచో పిల్లవాడే, “నాయనా, నాగలి దించలేదు” అని గుర్తుచేయుచున్నాడట. ఈ వ్యాసము చదివినవారు నేటి రాత్రియే తమ వాకిట నిలిచిన బండిని ఒకమారు చూచి రావలెనని నా విన్నపము.