పొద్దుగూకే వేళ పాట

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా అంగడి మూయించారు. ఆ ఉద్యమాన్ని పల్లెపల్లెకూ మోసినవాటిలో పాట ఒకటి. 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది, బ్రాందీ అంగళ్లు మళ్లీ తెరుచుకున్నాయి. మరి హిందూపురంలోనో ధర్మవరంలోనో తాగుడు మానదలచినవాడు పొద్దుగూకే వేళ ఏం చేయాలి?

సౌలు కలత చెందినప్పుడు దావీదు సితారా వాయిస్తే అతనికి ఊరట కలిగేది (1 సమూవేలు 16:23). అంతవరకే చదివి సంతోషించకండి. మరొకనాడు దావీదు వాయిస్తుండగానే సౌలు ఈటె విసిరాడు (18:10-11). సంగీతం ఊరటే గాని ఔషధం కాదు. ఏళ్ల తరబడి తాగినవాడు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ రావచ్చు, ప్రాణానికే ముప్పు. కనుక ముందు వైద్యుడు.

ఆ తర్వాత పాట. మన సీమలో చెక్కభజన ఉంది కదా! మన కీర్తనలకూ అది చక్కగా సరిపోతుంది. చేతుల్లో చెక్కలు, అందరితో కలిసి అడుగు, పక్కవాడితో కలిపిన గొంతు. చేయి ఖాళీగా ఉండదు, మనిషి ఒంటరిగా ఉండడు. కాళ్లు అంగడివైపు లాగే ఆ గంట అట్లా గడుస్తుంది. అయితే పూర్వం తాగుతూ పాడుకున్న పాటలు వద్దు, అవే కోరికను రేపుతాయి.

పెనుకొండ అమ్మలారా, అతని గొంతు బాగాలేదని నవ్వకండి. సాధనకు రాకపోతే ఎవరినైనా ఇంటికి పంపి పిలిపించండి, అదీ చీకటి పడకముందే.