చేర్యాల బొమ్మ వెనక 55 అంగుళాల టీవీ: మా భూపాలపల్లి ప్రయోగం

"టీవీ బంద్ చేస్తే గోడకు నల్ల పలక లెక్క కనపడుతది. ఏమన్న చెయ్యరాదు అల్లుడా" అని అత్తమ్మ అడిగింది. మామ సింగరేణిలో పని చేస్తారు, భూపాలపల్లిలో కొత్త ఇల్లు కట్టుకున్నారు. హాల్లో 55 అంగుళాల టీవీ, పక్కన గొట్టంలో చుట్టిపెట్టిన చేర్యాల పెయింటింగ్. అత్తమ్మ ముచ్చటపడి కొనుక్కున్నది. నాలుగడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు. దాదాపు టీవీ సైజే!

చేర్యాల బొమ్మలంటే చుట్టే బొమ్మలే కదా. కథకులు ఊరూరా తిరుగుతూ, పటం విప్పుతూ కథ చెప్పేవాళ్లు. నాకింకేం కావాలి? కర్టెన్ మోటార్ తెచ్చి, 38 మి.మీ. ట్యూబ్‌కి బొమ్మ బిగించాను. రిమోట్ నొక్కితే పైకి చుట్టుకుంటుంది, టీవీ బయటపడుతుంది. వారం రోజులు ఇంటికొచ్చిన వాళ్లందరికీ అదే డెమో.

రెండో వారంలో అడ్డంగా సన్నని పగుళ్లు వచ్చాయి. అత్తమ్మ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

తప్పు ఎక్కడో లెక్క వేశాక తెలిసింది. ఈ పటం ఉత్త గుడ్డ కాదు. ఖాదీ మీద గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూతలు పూస్తారు. గుడ్డ వంగుతుంది, మట్టి పూత అంతగా సాగదు. మొత్తం మందం 1 మి.మీ. అనుకుందాం. చుట్టినప్పుడు లోపలి వైపు కంటే బయటి వైపు ఎక్కువ దూరం తిరగాలి. మధ్య పొరతో పోలిస్తే, 38 మి.మీ. ట్యూబ్ మీద పైపూత సుమారు 2.6 శాతం సాగాలి. అదే 100 మి.మీ. పైపు మీదైతే 1 శాతమే. పైగా కథకులు చేత్తో వదులుగా చుట్టేవాళ్లు. నా మోటార్ రోజుకు నాలుగైదుసార్లు లాగి బిగించింది.

మోటార్ పీకేశాం. బొమ్మను ప్లైవుడ్ మీద చదునుగా పరిచి టేకు ఫ్రేమ్ కట్టించాం. మొత్తం 140 సెం.మీ. వెడల్పు. పక్కకు జరిగే ప్యానెల్ ఇది, పైనుంచి వేలాడుతుంది. కింద చానెల్ వేస్తే బొగ్గు దుమ్ము చేరి ఇరుక్కుంటుంది, మా ఊళ్లో అది ఖాయం. తెరిచినప్పుడు పక్కన ఇంకో 140 సెం.మీ. ఖాళీ కావాలి కాబట్టి కనీసం 280 సెం.మీ. గోడ ఉండాలి. మాది పన్నెండడుగుల గోడ, సరిపోయింది.

టీవీకి, ప్యానెల్‌కి మధ్య 3 సెం.మీ. సందు వదిలాం. పైనా కిందా మూయలేదు, లేకపోతే మా ఎండాకాలంలో వేడి బయటికి పోదు. సెట్‌టాప్ బాక్స్‌ను వెనక దాచితే ఐఆర్ రిమోట్ పనిచేయదు, ప్లైవుడ్ ఆ కిరణాలను ఆపేస్తుంది. ఐఆర్ ఎక్స్‌టెండర్ కన్ను ఒకటి ఫ్రేమ్ అంచున పెడితే పనైపోతుంది. బ్లూటూత్ రిమోట్ ఉన్న స్టిక్‌కి ఈ తిప్పలు లేవు. సౌండ్‌బార్ మాత్రం బయటే ఉండాలి. దుమ్ము పొడి బ్రష్‌తోనే దులపండి, తడిగుడ్డ పెట్టారో రంగు వచ్చేస్తుంది.

శాంసంగ్ 2017లోనే ది ఫ్రేమ్ టీవీ తెచ్చింది కదా, ఇదంతా ఎందుకు అంటారా? అద్దె ఇంట్లో ఉంటే నేనూ అదే కొనమంటాను. కానీ అది తెర మీద బొమ్మను చూపిస్తుంది, అందుకు కరెంటూ తాగుతుంది. అత్తమ్మ దగ్గర అసలు బొమ్మే ఉంది.

పగుళ్లు అలాగే ఉన్నాయి. బొమ్మ పట్టుకుని చేర్యాల వెళ్లి, గీసేవాళ్లకే చూపించాలని అనుకుంటున్నాం. జనగామ మీదుగా దారి. ఈసారి చుట్టకుండా, ఫ్రేమ్‌తోనే కారెక్కిస్తాం.