గూడెంలో క్యాన్సర్ అధ్యయనం: శిక్షణలో ఉన్న పరిశోధకులు తరచూ అడిగే ప్రశ్నలు

పేద, గిరిజన కుటుంబాలకూ క్యాన్సర్ వైద్యానికీ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించాలని శిక్షణ పొందుతున్నవారి కోసం ఈ సమాధానాలు. ఇందులో ‘2019 నిబంధనలు’ అంటే 2019 మార్చి 19న వెలువడిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు. ‘మార్గదర్శకాలు’ అంటే భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రచురించిన జాతీయ నైతిక మార్గదర్శకాలు.

1. మాది మందుల ట్రయల్ కాదు, సర్వే మాత్రమే. ఎథిక్స్ కమిటీ ఆమోదం కావాలా?

కావాలి. క్లినికల్ ట్రయల్ అయితే కేంద్ర లైసెన్సింగ్ అథారిటీ వద్ద నమోదైన కమిటీకి వెళ్లాలి. ఇతర ఆరోగ్య పరిశోధన అయితే కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం కింద నమోదైన కమిటీకి వెళ్లాలి. కొన్ని అధ్యయనాలకు మినహాయింపు దొరకవచ్చు. అయితే దాన్ని తేల్చేది కమిటీ, పరిశోధకుడు కాదు.

2. గిరిజన ప్రాంతంలో అదనంగా ఏం చేయాలి?

మార్గదర్శకాల ప్రకారం అడుగు పెట్టకముందే జిల్లా కలెక్టర్ లేదా గిరిజన సంక్షేమ కమిషనర్ వంటి అధికారి అనుమతి పొందాలి. పరిశోధన వల్ల ఆ గిరిజనులకు తగిన ప్రయోజనం ఉండాలి. గూడెం పెద్దలను సంప్రదించాలి. పెద్ద ఒప్పుకున్నంత మాత్రాన ఇంటింటి సమ్మతి వచ్చినట్టు కాదు. ఎవరి సమ్మతి వారిదే.

3. హాస్టల్‌లో ఉండే బాలికల తరఫున వార్డెన్ సంతకం చేయవచ్చా?

వార్డెన్ హోదా ఒక్కటే చాలదు. తల్లిదండ్రులు లేదా చట్టబద్ధ సంరక్షకులు సమ్మతించాలి. దానికి తోడు 7 నుంచి 12 ఏళ్లలోపు పిల్లల అంగీకారం మాటగా, ఆపై 18 ఏళ్ల వరకు రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఈ ప్రశ్నకు మన గడ్డమీదే జవాబు ఉంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకాపై 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో ఒక ప్రాజెక్టు నడిచింది. 2010 ఏప్రిల్‌లో దాన్ని నిలిపివేశారు. విచారణలో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 వార్డెన్ల సంతకాలతో, 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టు నివేదికలో దీన్ని తీవ్రంగా తప్పుబట్టింది. అక్కడ నమోదైన మరణాలకు టీకా కారణమని విచారణ చెప్పలేదు. ఆ బాలికల ఇళ్లవారిని అడగకపోవడం మాత్రం తప్పే, టీకా ఎంత మంచిదైనా.

4. చదువు రాని వ్యక్తి సమ్మతి ఎలా నమోదు చేయాలి?

వేలిముద్ర చెల్లుతుంది. కానీ వివరణ మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా నిష్పాక్షిక సాక్షి పక్కన ఉండాలి. చివర్లో పిలిచి సంతకం పెట్టించిన వ్యక్తి సాక్షి కాడు. బృందంలోని మనిషిని సాక్షిగా పెట్టకండి. కోయ భాషలోనే బాగా అర్థమయ్యే తల్లికి తెలుగు పత్రం చదివి వినిపిస్తే సరిపోదు. సమ్మతి పత్రం కాపీని ఆ వ్యక్తి చేతికి ఇవ్వాలి.

5. మధ్యలో మానుకుంటానంటే?

ఎప్పుడైనా మానుకోవచ్చు. కారణం చెప్పనక్కరలేదు. అందువల్ల అందాల్సిన వైద్యం ఆగకూడదు. దారిఖర్చులు, పోయిన కూలి చెల్లించవచ్చు. ఆ మొత్తాన్ని ముందుగా ఎథిక్స్ కమిటీ ఆమోదించాలి, అది ఆశ చూపి రప్పించేదిగా ఉండకూడదు.

6. హాని జరిగితే గడువులు ఏమిటి?

ఇవి 2019 నిబంధనల కిందకు వచ్చే క్లినికల్ ట్రయల్‌కు వర్తిస్తాయి. తీవ్ర ప్రతికూల ఘటన జరిగిన 24 గంటల్లోపు ప్రధాన పరిశోధకుడు కేంద్ర లైసెన్సింగ్ అథారిటీకి, స్పాన్సర్‌కు, ఎథిక్స్ కమిటీకి తెలపాలి. ఆలస్యమైతే కారణం రాయాలి. విశ్లేషణతో కూడిన నివేదికకు గడువు 14 రోజులు. పరిహారం చెల్లించాలన్న ఆదేశం అందిన 30 రోజుల్లో స్పాన్సర్ చెల్లించాలి. హానికి ట్రయల్‌తో సంబంధం లేదని తేలేవరకు, లేదా వైద్యం అవసరమని పరిశోధకుడు భావించినంతకాలం, ఏది ముందైతే అప్పటిదాకా ఉచిత వైద్యం అందాలి.

7. క్షేత్రంలో ప్రణాళికను కాస్త మార్చుకోవచ్చా?

కమిటీ ముందస్తు ఆమోదం లేకుండా మార్చరాదు. పాల్గొనే వ్యక్తికి తక్షణ ప్రమాదం తప్పించడానికి చేసే మార్పుకు, కేవలం నిర్వహణకు సంబంధించిన మార్పుకు మినహాయింపు ఉంది. మీరు చేసేది ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోలేకపోతే ఆ రోజు ఎవరినీ అధ్యయనంలో చేర్చకండి; ముందు కమిటీకి రాయండి.