టర్బో లేని బండికి ఎంత పంపు కావాలి?

క్యామ్ మార్చారు, హెడర్ వేశారు, ఇన్‌టేక్ తెరిచారు. ఆ తర్వాత షాపులో ఎవరో ఒకరు అననే అంటారు: "అన్నా, 255 వేసెయ్. ఇక పెట్రోల్‌కి కరువుండదు." గంటకు 255 లీటర్లు తోసే వాల్‌బ్రో పంపు ట్యూనింగ్ షాపుల్లో తారకమంత్రమై కూర్చుంది. టర్బో బండికి అది వేసుకోవడం న్యాయమే. టర్బో లేని ఇంజిన్‌కి మాత్రం పర్సు తీసే ముందు కాగితం, పెన్ను తీయాలి.

మొదట ఇంజిన్ ఎంత తాగుతుందో తేల్చుకోండి. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్ ఫుల్ థ్రాటిల్‌లో ఒక్కో హార్స్‌పవర్‌కీ గంటకు అర పౌండు, అంటే 227 గ్రాముల పెట్రోల్ అడుగుతుందని ట్యూనర్ల లెక్క. లీటరు పెట్రోల్ బరువు ఇంచుమించు 740 గ్రాములు కాబట్టి హార్స్‌పవర్‌కి 0.31 లీటర్లు పడుతుంది. పాత హోండా సిటీ 1.5 వీటెక్ కంపెనీ నుంచి 106 హార్స్‌పవర్‌తో వచ్చేది. పనిచేయించి దాన్ని 130కి తెచ్చారనుకుందాం. 130ని 0.31తో గుణిస్తే గంటకు 40 లీటర్లు. అంతే!

ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లో శక్తి తక్కువ, గాలికి తగ్గ పాళ్లలో ఎక్కువ పోయాలి. అందుకని ఏడెనిమిది శాతం కలపండి, 43 అవుతుంది. పంపు పాతబడుతుంది, ఫిల్టర్ మూసుకుంటుంది, ఎండలో పెట్రోల్ కాగుతుంది. వాటికోసం ఇంకో 30 శాతం వేసుకున్నా 56 దాటదు.

నమ్మకం కుదరకపోతే ఇంజెక్టర్ల వైపు నుంచి చూడండి. నిమిషానికి 240 సీసీ చిమ్మేవి నాలుగున్నాయనుకుంటే, నాలుగూ మూతపడకుండా తెరుచుకునే ఉన్నా గంటకు 57.6 లీటర్లకు మించి వెళ్లదు. మేడ మీద ట్యాంకుకి ఎంత పెద్ద మోటారు పెట్టినా కుళాయి తిప్పినంతే కదా నీళ్లొచ్చేది!

ఇక ఉన్న పంపు సంగతి. దాన్ని పరీక్షించకుండా కొత్తది కొనకండి. రెగ్యులేటర్ నుంచి ట్యాంకుకి రిటర్న్ లైన్ ఉన్న బండ్లలో ఇది తేలిక. ఇంజిన్ చల్లారాక, ఆరుబయట, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని, రెగ్యులేటర్ దగ్గర రిటర్న్ గొట్టం ఊడదీసి ఆ చోట ఇంకో గొట్టం తగిలించండి. దాని కొసను కొలత గీతలున్న, పెట్రోల్ తట్టుకునే డబ్బాలో పెట్టి, రిలే సాకెట్‌లో జంపర్ వేసి పంపుని 30 సెకన్లు తిప్పండి. డబ్బాలో 700 మిల్లీలీటర్లు పడితే గంటకు 84 లీటర్లన్నమాట. ఇంజిన్ ఆగి ఉంది కాబట్టి మానిఫోల్డ్‌లో వాక్యూమ్ లేదు, రెగ్యులేటర్ పూర్తి 3 బార్ ప్రెషర్ పట్టి ఉంచుతుంది. ఫుల్ థ్రాటిల్‌లోనూ అదే పరిస్థితి. అందుకే ఈ పరీక్షను నమ్మొచ్చు. మన సిటీకి కావాల్సింది 56, వస్తున్నది 84. పంపు తప్పేం లేదు.

చాలామంది వదిలేసేది వోల్టేజీ. వెనక సీటు లేపి, ట్యాంకు మీది రేకు మూత విప్పితే పంపు కనెక్టర్ కనిపిస్తుంది. పాత బండ్లలో దాని పిన్నుల్లో ఒకటి గోధుమరంగుకి తిరిగి, చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇంజిన్ నడుస్తుండగా అక్కడ మల్టీమీటర్ పెట్టండి. ఆల్టర్నేటర్ దగ్గర 14 వోల్టులుండి ఇక్కడ 12 కూడా లేకపోతే రోగం దొరికినట్టే. ఒక్కో వోల్టు తగ్గుతుంటే పంపు పోత సుమారు పదో వంతు పడిపోతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో సహా లావుపాటి తీగ లాగి, మంచి రిలే పెట్టి, ఎర్త్ శుభ్రం చేస్తే పాత పంపే లేచి కూర్చుంటుంది. మలుపుల్లో మాత్రమే మిస్ కొడుతుంటే అదీ పంపు లోపం కాకపోవచ్చు. ట్యాంకులో పెట్రోల్ ఓ పక్కకి ఒరిగి పికప్ గాలి పీలుస్తుంటుంది.

ఇన్ని చూశాక కూడా పంపు మార్చక తప్పదంటే, పెట్టె మీది పెద్ద అంకెను నమ్మకండి. కొందరు ప్రెషర్ లేకుండా ఖాళీగా పారినప్పటి లీటర్లు అచ్చేస్తారు. మీకు కావాల్సింది 3 బార్ దగ్గర, 13.5 వోల్టుల దగ్గర ఎంత అన్నది. ఆ గ్రాఫ్ చూపించలేని బ్రాండ్ వద్దు. టర్బోలో ఒక బార్ బూస్ట్ వస్తే రైల్ ప్రెషర్ 4 బార్‌కి ఎక్కి పంపు పోత తగ్గుతుంది. టర్బో లేని బండికి ఆ బాధ లేదు. ఆ 3 బార్ గీత దగ్గరే చూసుకోండి. 4 సిలిండర్ల బండికి గంటకు 100 నుంచి 130 లీటర్ల పంపు హాయిగా సరిపోతుంది. 255 కావాలనుకుంటే 430 హార్స్‌పవర్ అమెరికన్ ఎల్‌ఎస్3 వీ8 లాంటివాటికి. దానికి మార్జిన్‌తో కలిపి 170 పైన పడుతుంది, ప్రెషరూ 4 బార్ దగ్గరుంటుంది.

పెద్దది వేస్తే పోయేదేముంది అంటారా? అక్కర్లేని పెట్రోలంతా రిటర్న్ లైన్‌లో వెనక్కి పోవాలి. సన్నటి పాత లైన్, పాత రెగ్యులేటర్ దాన్ని మింగలేకపోతే ఐడిల్‌లో ప్రెషర్ పెరిగిపోయి మిశ్రమం చెడుతుంది. పెట్రోల్ తిరిగి తిరిగి వేడెక్కుతుంది. పంపు ఎక్కువ కరెంటు లాగి, నీరసంగా ఉన్న ఆ పాత తీగనే కాలుస్తుంది. పైగా వెనక సీట్లో కూర్చున్నవాళ్లకి కూత వినిపిస్తుంది. వాల్‌బ్రో పేరుతో నకిలీలూ విస్తారంగా ఉన్నాయి, బిల్లు లేని సరుకు జోలికి పోవద్దు.

బిగించేటప్పుడు కొత్త జాలి ఫిల్టర్, ట్యాంకు బయటి ఫిల్టర్ కూడా మార్చండి. ట్యాంకు లోపలి గొట్టం పెట్రోల్‌లో మునిగి ఉండేందుకు తయారుచేసిన ఎస్‌ఏఈ జె30ఆర్10 రకమే కావాలి. మామూలు గొట్టం బయటి రబ్బరు ఉబ్బి చీలిపోతుంది. మూతకి కొత్త రబ్బరు సీలు వేసి, కీ రెండు మూడుసార్లు ఆన్ చేసి, చెమ్మ లేదని చేత్తో తడిమి చూశాకే సీటు బిగించండి.